ఎం-బుక్కుకెక్కిన ముక్కు

నూకల శ్రీరామ్మూర్తి తన బొమ్మల కింద 'నూక' అని సంతకం పెడతాడు. పూర్తి పేరు పట్టేంత చోటు ఏ పత్రికా ఇవ్వకపోవడం వల్ల మిగిలిన పేరది. ముప్పై రెండేళ్లు ఒక వారపత్రికలో, సీరియల్ అయిపోయాక పేజీ అడుగున చోటు మిగిలితే ఆ చోట్లో కార్టూన్లు వేశాడు. పత్రిక మూతపడ్డ రోజున ఎడిటరుగారు అందరినీ కౌగిలించుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటూ నూక దగ్గరికొచ్చి, "మీరు ఏ సెక్షనండీ?" అని అడిగారు. తనని ఎవరైనా గుర్తుపడితే చాలునన్న ఆకలి అప్పట్నుంచీ నూకని వదల్లేదు.

అలాంటి నూకకి రాష్ట్ర వినోద వారసత్వ మండలి నుంచి ఒక కవరు వచ్చింది.

"రాష్ట్రమందలి ద్వితీయ శ్రేణి చలనచిత్రములలో నటించి ప్రజల మన్ననలు పొందిన, లేక పొందకపోయిన కళాకారుల స్మృత్యర్థము, అనగా జీవించియున్న వారితో సహా, వారి వ్యంగ్య ముఖచిత్రములతో కూడిన సేకరణ కార్డులు ముద్రించుటకు మండలి తీర్మానించియున్నది. అందు నిమిత్తము తమరు చిత్రకారులుగా ఎంపిక కాబడితిరి."

సంగతేమిటంటే, మండలి అధ్యక్షులవారు ఆ మధ్య ఏదో దేశం వెళ్లారు. అక్కడొక దుకాణంలో, చవకబారు దయ్యాల సినిమాల్లో కోరలు పెట్టుకుని తిరిగిన నటుల బొమ్మలు వంకరటింకరగా వేసి కార్డులు అమ్ముతున్నారు. నెరిసిన గడ్డాలవాళ్లు అవి కొనుక్కుని, ఒకరి దయ్యాన్ని ఇంకొకరికిచ్చి మార్చుకుంటూ మురిసిపోతున్నారు. అధ్యక్షులవారు విమానం దిగుతూనే, "మన దయ్యాలకేం తక్కువ?" అన్నారు. తక్కువని చెప్పే ధైర్యం మండలిలో ఎవరికీ లేకపోయింది.

నూక ఆ ఉత్తరం పట్టుకుని సత్యనారాయణపురం వీధంతా ఒకసారి నడిచొచ్చి, అప్పుడు భార్య హైమవతికి చూపించాడు.

"ఎన్ని బొమ్మలు?" అంది హైమవతి.

"యాభై రెండు."

"పేకముక్కలా?"

"కాదే. సేకరణ కార్డులు. జనం కొనుక్కుంటారు, దాచుకుంటారు, ఒకళ్లదొకళ్లు మార్చుకుంటారు."

"మార్చుకుంటే ఏమవుతుంది?"

నూక ఆలోచించాడు. ఏమీ అవదు.

"అయితే పేకముక్కలే. ఆట ఉండదు, అంతే," అని హైమవతి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నూక మొట్టమొదట ఎంచుకున్న నటుడు కెవ్వు కనకారావు. ఒకప్పుడు పదకొండు రోజుల్లో తీసి, మూడు రోజులు ఆడించి, రీళ్లు చుట్టేసే దయ్యాల సినిమాలు చాలా వచ్చేవి. వాటన్నిట్లోనూ దయ్యాన్ని మొదట చూసేది కనకారావే. ఒకదాంట్లో వాచ్‌మన్, ఇంకోదాంట్లో బండివాడు, మరోదాంట్లో పెళ్లివారి వంటవాడు. లాంతరు పట్టుకుని వస్తాడు, చూస్తాడు, కెవ్వుమంటాడు, చస్తాడు. ఆ తర్వాతే కథ మొదలవుతుంది. ఆయన ముక్కు ఎంతటిదంటే, తెర మీదికి ముందు అదొచ్చేది, మనిషి వెనకాల వచ్చేవాడు. బెంచీ క్లాసువాళ్లు ముక్కు కనపడగానే చెవులు మూసుకునేవారు. చిన్నప్పుడు అలా మూసుకున్న చెవుల్లో నూకవి కూడా రెండున్నాయి.

కనకారావు పటమటలో రెండు గదుల వాటాలో ఉంటున్నాడు. డెబ్భై తొమ్మిదేళ్లు. నూక వచ్చిన పని చెప్పగానే ఆయన బీరువాలోంచి ఒక ఆల్బం తీశాడు. అన్నీ సినిమా స్టిల్సు. హీరో, హీరోయిను, విలను నడిమధ్యన ఉన్నారు. ప్రతి ఫొటోలోనూ ఒక మూల, సగం తెగిపోయిన మనిషి వైపు బాల్‌పెన్నుతో ఒక బాణం, బాణం చివర 'నేను' అని రాసి ఉంది.

"నూట పద్నాలుగు సినిమాలండి. ఒక్కదాంట్లోనూ పేరు పళ్లేదు. అందరి పేర్లూ అయ్యాక 'మరియు ఇతరులు' అని పడుద్ది చూశారా, అది నేనేనండి," అన్నాడు కనకారావు. తర్వాత కాస్త ముందుకి వంగి, "కార్డు మీద బొమ్మ కింద పేరేత్తారాండి?" అని అడిగాడు.

"వేస్తారండీ. కెవ్వు కనకారావు అని."

"ఇతరులు అని ఎయ్యరుగా?"

ఆయన నవ్వుతూనే అడిగాడు గానీ, వెయ్యరని నూక రెండుసార్లు చెప్పేదాకా ఆల్బం మూయలేదు. మీరు ఏ సెక్షనండీ అన్న ప్రశ్నని నూట పద్నాలుగు సార్లు విన్న మనిషి ఆయన.

నూక పనితనంలో చెప్పుకోదగ్గదంటూ ఉంటే ఒక్కటే. ఏ మొహమైనా ముందు ముక్కు వేసేస్తాడు, మిగతా మొహాన్ని దానికి తగిలిస్తాడు. కనకారావు విషయంలో ఆ పద్ధతి విజృంభించింది. కార్డు ఈ చివర్నుంచి ఆ చివరికి ముక్కు. ముక్కు వెనకాల దాక్కుని రెండు కళ్లు. ఎదురుగా దయ్యం తన రెండు చెవులూ మూసుకుని నిలబడింది. కనకారావు ఆ బొమ్మ చూసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"దీనికి బాణం అక్కర్లేదండి," అన్నాడు.

నూకకి ముప్పై రెండేళ్లలో దక్కిన మొదటి మెప్పు అది. ఆ ఉత్సాహంలోనే మిగతా యాభై ఒక్కటీ వేసేసి మండలి సంచాలకుల గదిలో అడుగుపెట్టాడు.

సంచాలకులు వంకాయలపాటి పురుషోత్తంగారు ఇంజినీరు. ముప్పై ఏళ్లు కాలవల మీద కల్వర్టులు కట్టి, చివరి రెండేళ్లకి సంస్కృతి మీదికి బదిలీ అయ్యారు. ఆయన అన్నిటికంటే పైనున్న కనకారావు బొమ్మని నిలువుగా, అడ్డంగా, వెలుతురుకి ఎత్తిపట్టి చూశారు. సొరుగులోంచి స్కేలు తీశారు.

"ఇది ప్రధాన ద్వారమా?"

"ముక్కండీ."

"డీవియేషన్ చాలా ఉంది." పురుషోత్తంగారు కళ్లజోడు తీశారు. "చూడండి, కల్వర్టు కానీయండి, కార్టూన్ కానీయండి, సైటుకీ డ్రాయింగుకీ తేడా ఉండరాదు. రేపు తనిఖీకి వచ్చినవాడు ఈ ముక్కు ఎక్కడుందయ్యా అంటే నేనేం చూపించాలి?"

"ఇది వ్యంగ్య చిత్రమండీ. ఉన్నదాన్ని పెంచి చూపిస్తేనే..."

"పెంచండి. వద్దన్నానా? ఎంత పెంచారో, ఏ ప్రాతిపదికన పెంచారో, ఎవరి అనుమతితో పెంచారో రాయండి. ముందు అసలు కొలత తీయాలి."

ఇలాంటప్పుడు కళాకారుడన్నవాడు బొమ్మ లాక్కుని విసవిసా నడిచి బయటికి రావాలి. నూకకి ఆ సంగతి తెలుసు. కానీ వీధంతా ఉత్తరం చూపించేశాడు. అందుకని, "అలాగేనండీ," అన్నాడు.

మర్నాడు పటమటలో కనకారావు ఇంటి ముందు మండలి జీపు ఆగింది. పురుషోత్తంగారు, ఇద్దరు అసిస్టెంట్లు, ఒక టేపు, ఒక రసమట్టం, కొలతల పుస్తకం దిగాయి. కొలతల పుస్తకాన్ని ఆఫీసులో ఎం-బుక్ అంటారు. ఇంజినీర్లకి అది దేవుడి తర్వాతది. కట్టినది కూలిపోయినా ఫరవాలేదు, ఎం-బుక్కులో ఉంటే ఉన్నట్టే.

కనకారావు తలకి రంగేసుకుని, మొహానికి పౌడరు రాసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఇంటి ముందుకి బండి రావడం, పదిమంది తన మొహాన్నే చూడటం ఆయనకి నలభై ఏళ్ల తర్వాత మళ్లీ జరుగుతోంది.

"లైట్లెప్పుడేత్తారండి?" అని అడిగాడు.

"కదలకండి. ఊపిరి ఆపండి. రీడింగ్ మారిపోతోంది," అన్నాడు టేపు పట్టుకున్నతను.

ముక్కు పొడవు రెండుముప్పావు అంగుళాలు. రసమట్టం పెట్టి చూస్తే ఎడమవైపుకి స్వల్పంగా ఒరిగి ఉంది. ఆ ఒరగడం మొదట్నుంచీ ఉన్నదా, కాలక్రమేణా ఏర్పడినదా అని అడిగి రాసుకున్నారు. బొమ్మలో ముక్కుని మొహంతో నిష్పత్తి కడితే తొమ్మిది అంగుళాలు తేలింది. ఆరుంపావు అంగుళాల ముక్కు ఎవరి అనుమతీ లేకుండా నిర్మించినట్టు లెక్క. నిబంధనల ప్రకారం నూటికి ఐదు వంతుల హెచ్చుతగ్గు వరకే సహిస్తారు.

నూక సవరించాడు. ఆ సంగతి దాచిపెట్టి లాభం లేదు. ముక్కుని అంగుళం తగ్గించమంటే అంగుళం, ఇంకో అంగుళం తగ్గించమంటే ఇంకో అంగుళం, "ఇంకా ఏమైనా ఉన్నాయాండీ?" అని తనే అడిగి మరీ తగ్గించాడు. వారంలో యాభై రెండు బొమ్మలూ సైటుకి దగ్గరపడ్డాయి. బల్ల మీద పరిచి చూస్తే ఏదో ఆఫీసులో ఉద్యోగుల గుర్తింపు కార్డులు పోగేసినట్టుంది.

అప్పుడవి, బొమ్మ చూసి నటుణ్ణి పోల్చుకోవాల్సిన గుర్తింపు ఉపసంఘం ముందుకి వెళ్లాయి. ఉపసంఘం సభ్యులు ముగ్గురూ కనకారావు బొమ్మని చేతులు మార్చుకుంటూ చూశారు.

"బ్యాంకు మేనేజరా?" అన్నారొకరు.

"మా వియ్యంకుడిలా ఉన్నాడు," అన్నారు ఇంకొకరు.

మూడోవారు ఫైలు మీద రాశారు: "చిత్రములయందు వ్యంగ్యము పూర్తిగా లోపించినది. వ్యంగ్యము లేని వ్యంగ్య చిత్రములను స్వీకరించుట నిబంధనలకు విరుద్ధము. వారము దినములలో తగినంత వ్యంగ్యము సమకూర్చని యెడల సదరు కార్డులు రద్దు చేయబడును."

రద్దు అన్న మాట చూడగానే నూక కళ్ల ముందు కనకారావు ఆల్బంలోని బాణాలు మెదిలాయి. జీవితంలో మొదటిసారి ఆఫీసులో గొంతు పెంచాడు. పెంచానని తనే అంటాడు గానీ, పక్క గదిలోకి మాత్రం వినపడలేదు.

"ఎలాగండీ? ముక్కు పెంచితే మీరొప్పుకోరు, పెంచకపోతే వాళ్లొప్పుకోరు. ఆయన వయసు డెబ్భై తొమ్మిది!"

పురుషోత్తంగారు కుర్చీలో వెనక్కి వాలారు. ముప్పై ఏళ్ల అనుభవం ఆయన మొహంలోకి మెల్లగా వచ్చి కూర్చుంది.

"డ్రాయింగు సైటుకి తగ్గట్టు లేకపోతే ఏం చేస్తాం? సైటుని డ్రాయింగుకి తగ్గట్టు అభివృద్ధి చేస్తాం. తనిఖీ రోజున సైటులో తొమ్మిది అంగుళాలు చూపించండి. నేను కొలిచి రాసేస్తాను. మిగతాది మాకనవసరం."

నూక తల గీరుకుంటూ పటమట వెళ్లి, సిగ్గుపడుతూ సంగతి చెప్పాడు. కనకారావు ఏమాత్రం నొచ్చుకోలేదు.

"ఓస్, ముక్కేగా? దయ్యాలకి కోరలు, గోళ్లు అన్నీ నేనే చేసిచ్చేవోణ్ణండి. దూది, రబ్బరుపాలు, మేకప్ జిగురు తెప్పించండి చాలు. ఎడంపక్కకి ఒరగాలా, నిటారుగా ఉండాలాండి?"

తనిఖీ దివ్యంగా జరిగింది. తొమ్మిది అంగుళాల రబ్బరు ముక్కుతో కనకారావు మండలి వరండాలో కూర్చుంటే పైఅధికారి ఒకాయన కూడా వచ్చి రెండోసారి కొలిచారు. ఎం-బుక్కులో "స్వయముగా కొలిచితిని. చిత్రముతో సరిపోయినది" అని సంతకాలు పడ్డాయి. మిగతా నటులకీ వార్త పాకింది. మరుసటి వారం వరండా నిండా పీచు గడ్డాలు, అట్టముక్క చెవులు, కొబ్బరిచిప్ప పొట్టలు బారులు తీరాయి. పాత సైజు బొమ్మలన్నీ మళ్లీ బయటికొచ్చి పాసైపోయాయి. తన బొమ్మలు బతికాయని నూక సంతోషించాడు. ఎందుకు బతికాయో ఆలోచించకుండా ఉండటానికి ఆ రోజుల్లో చాలా టీ తాగాడు.

ఒక్క చిక్కు వచ్చింది. కనకారావు ముక్కు ఊడదీసి జేబులో పెట్టుకోబోతుంటే అసిస్టెంటు అడ్డుపడ్డాడు. కొలిచి రాసినది రికార్డు. రికార్డుని ఇంటికి పట్టుకెళ్లకూడదు. ముక్కుకి నంబరు చీటీ కట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు.

కార్డుల మార్పిడికి కూడా నిబంధనలు వచ్చాయి. ఎవరైనా ఒక దయ్యాన్ని ఇచ్చి మరో దయ్యాన్ని తీసుకోదలిస్తే ఇద్దరూ మండలి ఆఫీసుకొచ్చి దరఖాస్తు పెట్టుకోవాలి. గెజిటెడ్ అధికారి ఎదుట మార్చుకోవాలి. మనసు మారితే మూడు నెలల తర్వాతే తిరిగి మార్చుకోవాలి.

ఆవిష్కరణ సభ రోజు హాలు నిండింది. వేదిక మీద యాభై రెండు కుర్చీలు వేశారు. నటులందరూ ఆమోదం పొందిన చెవులూ గడ్డాలూ తగిలించుకుని కూర్చున్నారు. కనకారావు కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. ఆ కుర్చీ పక్కన బల్ల మీద, వెల్వెట్ గుడ్డలో, జీపులో తెచ్చిన ముక్కు ఉంది.

నూక గుమ్మం వైపు పదిసార్లు చూశాడు. మనిషి రాలేదు. ఒంట్లో బాగోలేదేమోనని భయం వేసింది.

పురుషోత్తంగారు దగ్గరికొచ్చి చెవిలో, "హాజరుకాని సైటు రద్దు. ఆయన కార్డు తీసేసి యాభై ఒకటే ఆవిష్కరిస్తాం," అన్నారు.

"అయ్యో, తీసేయకండి! పేరు... ఆయన పేరు అచ్చయిందండీ!"

"అయితే ఒక మార్గం ఉంది. ముక్కు హాజరైంది. దాని వెనక ఎవరుండాలన్నది ఎం-బుక్కులో ఎక్కడా రాయలేదు." ఆయన నూక మొహాన్ని కల్వర్టు స్థలం చూసినట్టు చూశారు. "డ్రాయింగు మీది. బాధ్యత మీది. కూర్చోండి."

కనకారావు పేరు కోసమే కూర్చున్నానని నూక ఇప్పటికీ చెబుతాడు. అది నిజమే. అయితే అవతల శాలువా ఉందనీ, వెయ్యిమంది చప్పట్లు కొడతారనీ కూడా అతనికి తెలుసు. ముక్కు పెట్టుకున్నాక అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకున్నాడు కూడా.

కార్డు ఆవిష్కరించారు. శాలువా కప్పారు. చప్పట్లు హోరెత్తాయి. నూకకి ఆ హోరు ఎంత తియ్యగా ఉందంటే, అది తనది కాదని అర నిమిషం పాటు గుర్తు రాలేదు. ఇంతలో ముఖ్య అతిథి మైకు అందుకుని, "కనకారావుగారి కేక వినకుండా పంపిస్తామా?" అన్నారు. హాలంతా "కెవ్వు! కెవ్వు!" అని అరవడం మొదలుపెట్టింది. మైకు తెచ్చి ముక్కు కింద పెట్టారు.

నూక కళ్లు మూసుకుని అరిచాడు. పిల్లిని తొక్కినట్టు ఏదో చప్పుడు వచ్చింది. ముందు వరసలో ఒకాయన, "పాపం, పెద్దవాడైపోయాడు," అన్నాడు.

అప్పుడొచ్చింది కేక.

హాలు వెనక, చిట్టచివరి వరసలోంచి. కడుపులో పుట్టి, గొంతులో చీలి, పైకప్పుని తాకి అక్కడే కాసేపు నిలబడిన కేక. ముందు వరసలో హైమవతి రెండు చెవులూ మూసుకుంది. వెయ్యిమందీ ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తలకి రంగు, మొహానికి పౌడరు వేసుకున్న ఒక ముసలాయన లేచి నిలబడి ఉన్నాడు.

"అబ్బ, మిమిక్రీ ఎంత బాగా చేశాడో!" అన్నారెవరో. హాలంతా ఆయనకి కూడా చప్పట్లు కొట్టింది.

నూక గుర్తుపట్టాడు. ఆయన వచ్చాడు. తనకంటే ముందే వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కార్డులో ముక్కునీ ఆయన ముక్కునీ పోల్చి చూసి, కుదరదని వేదిక వైపు పోనివ్వక, జనంలో కూర్చోబెట్టాడని తర్వాత తెలిసింది. ఆ వాచ్‌మన్ వేషం ఆయన ఎన్ని సినిమాల్లో వేశాడో.

నూక ఉన్నపళాన ముక్కు పీకి నేలకేసి కొట్టి, "అసలు కనకారావు అదుగో!" అని అరిచి ఉండాల్సింది. పీకాడు కూడా. మేకప్ జిగురు బాగా పట్టేసింది, ముక్కు రాలేదు. అరుద్దామంటే మైకు పురుషోత్తంగారు పట్టుకుపోయారు. ఇక చేసేది లేక ముక్కుతోనే వేదిక దిగి, కుర్చీల మధ్య నుంచి ఆ ముక్కుని అటూ ఇటూ తప్పించుకుంటూ వెళ్లి, తన శాలువా తీసి ముసలాయన భుజాల మీద కప్పాడు.

"క్షమించండి," అన్నాడు. ముక్కు లోపల్నుంచి మాట సరిగ్గా రాలేదు.

"ముక్కు నిటారుగా పెట్టుకున్నారేంటండి? ఎడంపక్కకి ఒరగాలి," అన్నాడు కనకారావు, కళ్లు తుడుచుకుంటూ. ఎవరో ఫొటో తీశారు.

మర్నాడు పొద్దున్నే నూక పేపరు పట్టుకుని పటమట పరుగెత్తాడు. కొబ్బరినూనె రాసి రాసి ఊడదీయడంతో అతని సొంత ముక్కు ఎర్రగా కమిలిపోయి ఉంది. కనకారావు అప్పటికే పేపరు తెప్పించుకున్నాడు. జిల్లా పేజీలో, మండలి పంపిన ఫొటో నాలుగు కాలమ్‌లలో వచ్చింది. దాని కింద ఇలా ఉంది: "తన వీరాభిమానిని శాలువాతో సత్కరిస్తున్న ప్రముఖ నటుడు కెవ్వు కనకారావు."

"నేను పేపరువాళ్లకి ఉత్తరం రాస్తానండీ. సవరణ వేయిస్తాను," అన్నాడు నూక, తలెత్తకుండా.

"వొద్దండి," అన్నాడు కనకారావు. "ప్రముఖ నటుడు అన్నారండి. మళ్లీ సవరణంటే అది కూడా తీసేత్తారు."

ఆయన ఫొటోని జాగ్రత్తగా కత్తిరించి, ఆల్బంలో కార్డు పక్కన అంటించాడు. అలవాటు ప్రకారం బాల్‌పెన్ను తీసి, శాలువా కప్పుకున్న ముసలాయన వైపు బాణం గీసి, 'నేను' అని రాసుకున్నాడు. తర్వాత పెన్ను నూక చేతికిచ్చాడు.

"మీది మీరేసుకోండి. లేపోతే రేపెవరికీ తెలవదు."

నూక పెన్ను తీసుకుని తొమ్మిది అంగుళాల ముక్కు వైపు ఒక బాణం గీసి, కింద 'నూక' అని సంతకం పెట్టాడు. అతను సంతకం పెట్టిన బొమ్మలన్నిట్లోనూ సైటుకీ డ్రాయింగుకీ వీసమెత్తు తేడా లేనిది అదొక్కటే.